పని మొదలుపెట్టే ముందు 40 నిమిషాలు: పిల్లల గ్రూప్ ప్రాజెక్టుకి మొదటి మీటింగ్



ఈ నెల మీ పిల్లల డైరీలో "గ్రూప్ ప్రాజెక్టు, గడువు 6 వారాలు" అని ఒక లైను చూసి ఉంటారు. అది చూడగానే చాలా ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: థర్మాకోల్ షీట్ ఎక్కడ దొరుకుతుంది? సోంపేట వెళ్లే పని ఎవరికి ఉంది? చివరి రోజు రాత్రి 10 గంటలకి నాన్నగారు బ్లేడుతో కోస్తుంటారు, అమ్మగారు గమ్ రాస్తుంటారు, ప్రాజెక్టు చేయాల్సిన పిల్లలు పక్కనే నిద్రపోతుంటారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నా అగ్నిపర్వతం మా నాన్న చేసిందే.

నేను చెప్పేది ఇంగ్లిష్. కానీ రెండేళ్లుగా కవిటి బ్రాంచిలో 8వ తరగతి ప్రాజెక్టుల బాధ్యత కూడా చూస్తున్నాను. ఈ రెండేళ్లలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటి ఉంది. ప్రాజెక్టు బాగా రావడం, రాకపోవడం చివరి వారంలో తేలే విషయం కాదు. మొదటి రోజు పిల్లలు కూర్చుని ఏం మాట్లాడుకున్నారన్న దాని మీదే అది చాలావరకు ఆధారపడుతుంది. ఆ మొదటి మీటింగ్ ఎలా పెట్టుకోవాలో, అందులో మీరు ఏం సాయం చేయగలరో ఈ నెల పాఠంగా రాస్తున్నాను.

ముందు నా పొరపాటు

మొదటి ఏడాది ఒక గ్రూపుకి "మన ఊరి నీళ్లు" అన్న అంశం ఇచ్చాను. ఆరుగురు పిల్లలు. మధ్యాహ్న భోజనం తర్వాత 10 నిమిషాలు కూర్చోబెట్టాను. గట్టిగా మాట్లాడే ఇద్దరు "వాటర్ ఫిల్టర్ చేస్తాం మేడమ్" అన్నారు. మిగతా నలుగురు తల ఊపారు. "వెరీ గుడ్, మొదలుపెట్టండి" అని నేను స్టాఫ్ రూమ్‌కి వెళ్లిపోయాను. అంతే, మా మొదటి మీటింగ్ అయిపోయింది.

మోడల్ చూడటానికి బాగుంది. కోసిన ప్లాస్టిక్ బాటిల్‌లో గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరలు. పైన బురద నీళ్లు పోస్తే కింద తేటగా వచ్చేవి. ప్రదర్శన రోజు చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన నవ్వుతూ అడిగారు: "ఈ నీళ్లు తాగొచ్చా, నాన్నా?" ఆరుగురిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. ఇసుక, బొగ్గు పొరలు నీటిని తేటపరుస్తాయి. తేటపడిన నీళ్లన్నీ తాగే నీళ్లు కావు. నీటిలో కరిగి ఉన్న లవణాల్లో చాలావాటిని ఆ పొరలు ఆపలేవు.

ఆ గ్రూపులో ఒక బాబు ఉన్నాడు. అతనికి ఇచ్చిన పని చార్టు మోయడం, నిలబెట్టడం. సామాన్లు సర్దుతుంటే నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "మా ఇంట్లో నీళ్ల టిన్ను కొంటాం మేడమ్. మా తాతకి ఫిల్టర్ అక్కర్లేదు. డయాలసిస్ అవుతోంది కదా, తాతకి నీళ్లు తక్కువ తాగడం కావాలి. అదే మా ఇంట్లో రోజూ గొడవ."

ఆరు వారాలు మేం నీళ్ల గురించి ప్రాజెక్టు చేశాం. నీళ్ల కష్టం ఇంట్లో రోజూ చూస్తున్న పిల్లాడు అదే గ్రూపులో ఉన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు నాకు చాలా సిగ్గుగా అనిపించింది.

(ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేరు రాయడం లేదు.)

కంపెనీల్లో దీన్ని కిక్‌ఆఫ్ మీటింగ్ అంటారు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసే మన పిల్లల్ని, తమ్ముళ్లని అడగండి. కొత్త ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడు డిజైన్ చేసేవాళ్లు, తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు అందరూ ఒకచోట కూర్చుంటారు. ఒక్కొక్కరి చదువు వేరు, పని వేరు. పని ఎవరి కోసం, ఏది ముఖ్యం, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవి ముందే తేల్చుకుంటారు. దాన్నే కిక్‌ఆఫ్ మీటింగ్ అంటారు.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. ఇల్లు కట్టించిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మేస్త్రీ, వడ్రంగి, కరెంటు పని చేసేవాడు, ప్లంబరు ముందే ఒకసారి కలిసి మాట్లాడుకుంటే ఇల్లు సాఫీగా లేస్తుంది. ఎవరి మానాన వాళ్లు వచ్చి పోతే, ప్లాస్టరింగ్ అయిన గోడని పైపు కోసం మళ్లీ పగలగొట్టాలి. అక్కడ వృథా అయ్యేది సిమెంటు, కూలీ డబ్బులు. పిల్లల ప్రాజెక్టులో వృథా అయ్యేది వాళ్ల ఉత్సాహం.

మన ప్రాంతంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఉద్దానం తాగునీటి పథకం కింద హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం అనే 7 మండలాలకు పైపుల్లో పంపే ఏర్పాటు చేశారు. దీన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా అదే రోజు ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి మన తీరం వైపు పైపు రావాలంటే రైల్వే లైను దాటాలి, జాతీయ రహదారి 16 దాటాలి. నీటి ఇంజనీరుకి పైపు తెలుసు, డాక్టరుకి జబ్బు తెలుసు, ఊరి వాళ్లకి ఏ వీధిలో కుళాయి కావాలో తెలుసు. వీళ్లలో ఏ ఒక్కరూ మిగతావాళ్ల పని ఒంటరిగా చేయలేరు.

మీటింగ్ ఆసుపత్రి వార్డులో జరిగితే?

ఇలాంటి మీటింగ్‌కి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ హైదరాబాద్‌లో జరిగింది. డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతి కాకముందు అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు, నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు ఆ ప్రయోగశాల చూడటానికి వచ్చారు. క్షిపణి కోసం తయారుచేసిన ఒక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. అది అంత తేలికగా ఉండటం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. వెంటనే కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకెళ్లి తన దగ్గర ఉన్న పిల్లల్ని చూపించారు. పోలియో వచ్చిన ఆ పిల్లలు కాళ్లకి దాదాపు 3 కిలోల బరువున్న కాలిపర్లు కట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు.

మూడు వారాల్లో అదే తేలికైన పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఈ సంగతి కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, శాస్త్రవేత్తల దగ్గర పదార్థం ఉంది కానీ అది ఈ పిల్లలకు పనికొస్తుందని వాళ్లకు తెలియదు. డాక్టరుకి పిల్లల బాధ తెలుసు కానీ అలాంటి పదార్థం ఉందని తెలియదు. ఇద్దరూ కలిసి ఆ పిల్లల ముందు నిలబడిన రోజే ఆ పని మొదలైంది. మా నీళ్ల గ్రూపులో జరగనిది సరిగ్గా అదే.

అందుకే గత ఏడాది అదే పిల్లల్ని, ఇప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లని, "మళ్లీ చేద్దామా?" అని అడిగాను. మార్కులు లేవు, పోటీ లేదు. ఆరుగురూ వచ్చారు. ఈసారి మొదటి మీటింగ్‌కి 40 నిమిషాలు కేటాయించాను. అది ఎలా జరిగిందో మెట్టు మెట్టుగా చెబుతాను. మీ పిల్లల గ్రూపు మీ ఇంటి వరండాలో కూర్చున్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మీటింగ్‌కి ముందు చేయాల్సినవి

గ్రూపులో ఐదుగురు లేదా ఆరుగురు చాలు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. బాగా చదివేవాళ్లందరినీ ఒకే గ్రూపులో వేయకూడదు. బొమ్మలు వేసేవాళ్లు, లెక్కలు వచ్చినవాళ్లు, నలుగురిలో చొరవగా మాట్లాడేవాళ్లు, చేత్తో వస్తువులు బాగుచేసేవాళ్లు కలిసి ఉండాలి.

ఒక రోజు ముందే అందరికీ ఒక చీటీ ఇవ్వాలి. అందులో ఒక్క ప్రశ్న ఉంటే చాలు. మేం ఇచ్చిన ప్రశ్న: "నీళ్ల విషయంలో మీ ఇంట్లో రోజూ వచ్చే ఇబ్బంది ఏమిటి?" రాత్రి ఇంట్లో అడిగి రాసుకుని రమ్మన్నాం. అప్పటికప్పుడు అడిగితే చురుకైన పిల్లలే జవాబు చెబుతారు. ఒక రాత్రి సమయం ఇస్తే నెమ్మదస్తులకి కూడా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

కూర్చోవడం గుండ్రంగా, కింద చాప మీద. బెంచీల్లో కూర్చుంటే వెనక వరస అనేది ఒకటి తయారవుతుంది.

మొదటి 5 నిమిషాలు: పరిచయం

"అందరూ ఒకే క్లాసు, పరిచయం ఎందుకు మేడమ్?" అని అడిగారు. పేరుతో పాటు రెండు మాటలు చెప్పమన్నాను: నాకు వచ్చిన పని ఏమిటి, నాకు కష్టమైన పని ఏమిటి.

ఇది వట్టి లాంఛనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 2008లో విడుదల చేసిన చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు జట్టులోని అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది ఒక అంశం. ఆ చెక్‌లిస్టు మీద 8 నగరాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని అందులో తేలింది. అది పరిచయాల వల్లే అని కాదు, చెక్‌లిస్టు మొత్తం మీద వచ్చిన ఫలితం. కానీ ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన మనిషికి, తర్వాత తప్పు కనిపించినప్పుడు "ఆగండి" అనడం కొంచెం తేలికవుతుంది. పిల్లలకీ అంతే.

ఆ ఐదు నిమిషాల్లో నాకు తెలిసిన సంగతులు: ఒక పాపకి కొలతలంటే ఇష్టం. ఒకరి నాన్నగారికి ప్లాస్టిక్ సామాన్ల షాపు ఉంది, ఏ డబ్బా గట్టిదో ఆ పిల్లాడికి చూడగానే తెలుస్తుంది. ఇంకో పాప ఎవరితోనైనా భయం లేకుండా మాట్లాడుతుంది. చార్టు మోసిన బాబు అన్నాడు: "తాతకి టైముకి మందులు ఇవ్వడం నాకు వచ్చు. అందరి ముందూ మాట్లాడటం కష్టం."

తర్వాత 10 నిమిషాలు: ఎవరి కోసం?

"నీళ్లు" అన్నది అంశం మాత్రమే. ప్రాజెక్టు ఒక మనిషి కోసం ఉండాలి. అందుకని ఆరు చీటీలూ చాప మీద పరిచి ఒక్కొక్కటీ చదివాం. బోరు దగ్గర బిందెలు మోసే అమ్మమ్మ, టిన్ను ఎత్తలేని పిన్ని, చివరగా డయాలసిస్ తాత.

ఆ బాబు చెప్పినవి ఇవీ: వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్లాలి. మధ్య రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగితే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. డాక్టరు రోజుకి ఇంత అని చెప్పారు. కానీ టీ, మజ్జిగ, చారు, చోడి అంబలి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. సాయంత్రానికి ఎంత తాగారో ఎవరికీ గుర్తుండదు. "ఇంకో గ్లాసు ఇవ్వు" అని తాత, "ఇప్పుడే కదా తాగావు" అని నాన్నమ్మ. సొంత కొబ్బరి తోట ఉంది, కానీ బొండం తాగకూడదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు.

ఎవరూ ఓటింగ్ పెట్టలేదు. "తాత కోసం చేద్దాం" అని కొలతల పాప అంది. మిగతావాళ్లు సరే అన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంటి కష్టం చెప్పమని ఏ పిల్లల్నీ బలవంతం చేయకూడదు. ఆ బాబు చెప్పాక మేం వెంటనే వాళ్ల ఇంట్లో ఫోన్ చేసి అడిగాం. వాళ్లు వద్దంటే పిన్ని నీళ్ల టిన్ను గురించి చేసేవాళ్లం.

తర్వాత 10 నిమిషాలు: మూడు గడులు

ఒక తెల్ల కాగితం మీద మూడు గడులు గీశాం. తెలిసినవి, అనుకుంటున్నవి, అడగాల్సినవి.

ఈ మీటింగ్‌లో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. "ఉద్దానంలో కిడ్నీ జబ్బు నీళ్ల వల్లే వస్తుంది" అని ఒక పిల్లాడు మొదటి గడిలో రాశాడు. "ఎలా తెలుసు?" అని అడిగాను. "అందరూ అంటారు కదా మేడమ్." నిజానికి మన ప్రాంతంలో ఏళ్లుగా ఎన్నో పరిశోధనలు జరిగాయి. నీరు, ఎండలో చెమటోడ్చే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా చాలా అనుమానాలు పరిశీలించారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అందుకే ఆ వాక్యాన్ని రెండో గడిలోకి మార్చాం. మొదటి ఏడాది మా ఫిల్టర్ మొత్తం ఆ రెండో గడి వాక్యం మీదే నిలబడిందని పిల్లలే గుర్తించారు.

మూడో గడిలో రాసినవి: డాక్టరు చెప్పిన కొలత ఎంత? తాత అంకెలు చదవగలరా? రాత్రి దాహం వేస్తే ఏం చేస్తారు? వీటిని అడిగే పని చొరవగా మాట్లాడే పాపది.

తర్వాత 5 నిమిషాలు: మాటలకి ఒకే అర్థం

"రోజుకి ఇన్ని గ్లాసులు" అని రాయబోతుంటే కొలతల పాప ఆపింది. "ఎవరి గ్లాసు?" అంది. మర్నాడు ఆరుగురూ ఇంటి నుంచి ఒక్కో స్టీలు గ్లాసు తెచ్చారు. ల్యాబ్‌లో కొలజాడీతో కొలిస్తే ఒకటి 180 మిల్లీలీటర్లు, ఇంకొకటి 260. పేరు ఒకటే, నీళ్లు వేరు. నీళ్లు కొలిచి తాగాల్సిన మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

పెద్దవాళ్లకి కూడా ఈ పొరపాటు జరుగుతుంది. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారక గ్రహం దగ్గర నాశనమైంది. ఒక జట్టు లెక్కలు పౌండ్లలో ఇచ్చింది, రెండో జట్టు వాటిని న్యూటన్లు అనుకుంది. రెండు జట్లలోనూ తెలివైనవాళ్లే ఉన్నారు. లోపం ఎక్కడంటే, కొలమానం ఒకటేనా అని సరిచూసుకోలేదు.

ఇదే ఐదు నిమిషాల్లో తేల్చుకోవాల్సిన ఇంకో మాట "పూర్తయింది". చార్టు అంటించగానే పూర్తయినట్టా? మా గ్రూపు రాసుకున్నది: "తాత వారం రోజులు వాడి, బాగుందో లేదో చెప్పినప్పుడు పూర్తయినట్టు."

తర్వాత 5 నిమిషాలు: చెడిపోయిందనుకుందాం

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పద్ధతి గురించి రాశారు. పని మొదలుపెట్టే ముందే, అది పూర్తిగా విఫలమైపోయిందని ఊహించుకోవాలి. ఎందుకు విఫలమైందో ఒక్కొక్కరూ రాయాలి. "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే అందరూ లేవంటారు. "చెడిపోయింది, కారణం రాయండి" అంటే భయం లేకుండా రాస్తారు.

మా పిల్లలు రాసినవి: బాటిల్ కారిపోయింది. నాన్నమ్మ మర్చిపోయి మామూలు గ్లాసులో ఇచ్చేసింది. తాతకి కోపం వచ్చి పక్కన పెట్టేశారు. మేడమ్‌కి జ్వరం వచ్చింది. చివరిదానికి బాగా నవ్వుకున్నాం. కానీ మూడోది చదివి చాలాసేపు మాట్లాడుకున్నాం. చిన్నపిల్లలు వచ్చి "ఇంతే తాగు" అంటే పెద్దాయనకి ఎలా ఉంటుంది? అందుకని బాటిల్ తాతని అదుపు చేసేదిలా కాకుండా, తాతే చూసుకునేదిలా ఉండాలని రాసుకున్నాం.

చివరి 5 నిమిషాలు: ఎవరు, ఏమిటి, ఎప్పటికి

ప్రతి పనికీ ఒకే పేరు రాయాలి. "అందరం చేస్తాం" అని రాసిన పని చివరికి ఎవరూ చేయరు. ఆరు పేర్లు, ఆరు పనులు, ఆరు తేదీలు. తర్వాత ఎప్పుడు కలవాలో కూడా అప్పుడే రాసేయాలి. ఇదంతా ఒకే పేజీ. ఆ పేజీ జిరాక్స్ తీసి ఆరు ఇళ్లకీ పంపాం.

ఈసారి చార్టు మోసిన బాబు పేరు పక్కన రాసిన పని: "తాతతో మాట్లాడి, ఏది పనికొస్తుందో గ్రూపుకి చెప్పడం." ఒక రకంగా అందరి పనినీ సరిచూసేది అతనే.

తయారైన వస్తువు

చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. గట్టి మూత ఉన్న పారదర్శకమైన బాటిల్. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం ఒక రోజుకి సరిపడా నీళ్లు ఉదయమే అందులో పోస్తారు. తాత నీళ్లు అందులోంచే తాగుతారు. టీ గానీ మజ్జిగ గానీ తాగితే, అంతే కొలత నీళ్లు బాటిల్‌లోంచి తీసి తులసి మొక్కకి పోస్తారు. బాటిల్‌లో ఎంత మిగిలితే ఆ రోజుకి అంతే మిగిలినట్టు. ఎవరూ లెక్క గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు.

మొదటి బాటిల్ మీద పిల్లలు రంగు గీతలు గీసి అంకెలు వేశారు. బాబు రెండు రోజుల్లోనే తిరిగి తెచ్చాడు. "తాతకి అంకెలు కనబడట్లేదు. రాత్రి లైటు వేస్తే అందరూ లేస్తారని చీకట్లోనే తాగుతున్నారు." షాపు వాళ్ల అబ్బాయి గీతలు చెరిపేసి లావు రబ్బరు బ్యాండ్లు వేశాడు. ఒక్కో బ్యాండు మధ్య దూరం ఒక టీ గ్లాసు. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

ఈ బాటిల్ జబ్బు తగ్గించదు. దీనివల్ల ఇంత మేలు జరిగింది అని చెప్పే కొలత కూడా మా దగ్గర లేదు. కొలత ఎంతన్నది ఎప్పుడూ డాక్టరే చెప్పాలి, ఇంట్లో ఎవరూ సొంతంగా నిర్ణయించకూడదు. తాత మాత్రం వారం తర్వాత ఆ బాబుతో ఒక మాట చెప్పి పంపారు: "మీ మేడమ్‌కి చెప్పు, ఇప్పుడు నా నీళ్లు నేనే చూసుకుంటన్నాను."

మీ వంతు

ఈ ఆరు వారాల్లో మీరు చేయగలిగినవి కొన్ని:

1. మొదటి వారం ఏ వస్తువూ కొనకండి. ఏం చేయాలో తేలకముందే థర్మాకోల్ వస్తే, ప్రాజెక్టు థర్మాకోల్‌కి తగ్గట్టు తయారవుతుంది.

2. "ఏం చేస్తున్నారు?" అని కాకుండా "ఎవరి కోసం చేస్తున్నారు?" అని అడగండి. జవాబు ఒక మనిషి అయితే పని సరైన దారిలో ఉన్నట్టు. "మార్కుల కోసం" అని వస్తే మళ్లీ ఒకసారి కూర్చోమనండి.

3. గ్రూపు మీ ఇంట్లో కలిస్తే మంచినీళ్లు, టిఫిన్ ఇచ్చి పక్కకి వెళ్లండి. పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే పిల్లలు వాళ్ల ముఖం చూసి మాట్లాడతారు.

4. ఏం చేయాలన్నది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తేల్చేయకండి. మనం తేల్చేస్తే పిల్లలకి మిగిలేది కత్తిరించడం, అంటించడం మాత్రమే.

5. మీ వృత్తి గురించి ఒక పావుగంట చెప్పండి. జీడిపప్పు బట్టీ, కొబ్బరి వ్యాపారం, పడవ, కుట్టుమిషను, ఆసుపత్రి ఉద్యోగం, ఏదైనా సరే. మీకు మామూలుగా అనిపించే సంగతి పిల్లలకి కొత్త ఆలోచన కావచ్చు.

6. మీ బాబు గానీ పాప గానీ గ్రూపులో మాట్లాడటం లేదని తెలిస్తే, వాళ్లని కోప్పడకండి. నాకు ఒక మాట చెప్పండి. మీటింగ్‌ని సరిచేయాల్సింది నేను.

ఆ ఒక్క పేజీ ఈ శనివారం డైరీతో పాటు మీ ఇంటికి వస్తుంది. పైన ప్రాజెక్టు ఎవరి కోసమో, కింద మూడు గడులు, చివర ఆరు పేర్లు, ఆరు పనులు, తేదీలు ఉంటాయి. చదివి సంతకం చేసి పంపండి. మీ పిల్లల పేరు పక్కన ఏ పని రాసి ఉందో తప్పకుండా చూడండి. అక్కడ చార్టు మోయడం అని రాసి ఉంటే, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను అడగండి. జవాబు చెప్పాల్సిన బాధ్యత నాది.

ఇట్లు,
మీ ఇంగ్లిష్ టీచర్,
8వ తరగతి ప్రాజెక్టుల బాధ్యురాలు, కవిటి బ్రాంచి